అట్రోపిన్‌కు లొంగనిది

మన ప్రమేయం లేకుండా గుండె, పేగు లాంటివాటిని నడిపే స్వయంచోదిత (ఆటోనమిక్) నాడీవ్యవస్థ మీద ఏ పాఠం తెరిచినా మొదటి రెండు మూడు పేజీల్లోనే ఒక పట్టిక ఎదురవుతుంది. ఒక వరసలో సింపథెటిక్, దాని కింద ఆ నాడులు వదిలే రసాయన దూత నార్‌అడ్రినలిన్. పక్క వరసలో పారాసింపథెటిక్, దాని కింద ఎసిటైల్ కోలిన్. ఆ తర్వాత కన్ను, గుండె, ఊపిరితిత్తి, పేగు, మూత్రాశయం. ఒకటి పెంచితే రెండోది తగ్గిస్తుంది. పాఠం చివర, ఇది పరీక్షలో రాదులే అని అందరూ వదిలేసే చోట, ఒక్క వాక్యం ఉంటుంది: ఇవి కాక ఏటీపీ, నైట్రిక్ ఆక్సైడ్, వీఐపీ, న్యూరోపెప్టైడ్ వై లాంటివి కూడా కొన్ని చోట్ల పనిచేస్తాయి.

ఆ "కూడా" మీదే నా పేచీ.

దీని మీద మామూలుగా వినపడే ఫిర్యాదు వేరు. పట్టికలో పేర్లు తక్కువగా ఉన్నాయి, ఇంకో పది చేర్చాలి అంటారు. దానికి నేను ఒప్పుకోను. పది పేర్లు చేరిస్తే బట్టీ పట్టాల్సినవి పది పెరుగుతాయి, అంతే. పట్టికలో లేనిది పేర్లు కాదు, గడియారం. నాడి ఏ వేగంతో కొట్టుకుంటే ఏ దూత బయటికొస్తుంది, వచ్చాక ఎంతసేపట్లో పని మొదలుపెడుతుంది, ఎంతసేపు నిలుస్తుంది, దాన్ని ఎవరు ఊడ్చేస్తారు: ఈ నాలుగూ రాస్తే, ఇప్పుడు చిల్లరగా కనిపించే దూతలన్నీ వాటి వాటి స్థానాల్లో కూర్చుంటాయి. రాయకపోతే ఎప్పటికీ "కూడా" దగ్గరే ఉండిపోతాయి.

మిగిలిపోయిన స్పందన

విషయం నిన్నా మొన్నటిది కాదు. 1872లో హైడెన్‌హైన్ దవడ కింది లాలాజల గ్రంథికి వెళ్లే కార్డా టింపనీ నాడిని ప్రేరేపించాడు. లాలాజలం ఊరింది, గ్రంథిలో రక్తప్రవాహమూ పెరిగింది. ఎసిటైల్ కోలిన్‌ను పనిచేయనివ్వని మందు అట్రోపిన్ ఇచ్చి మళ్లీ చేస్తే లాలాజలం ఆగిపోయింది కానీ రక్తప్రవాహం పెరగడం ఆగలేదు. 1895లో లాంగ్లీ, ఆండర్సన్ మూత్రాశయంలో ఇలాంటిదే చూశారు. అట్రోపిన్ ఇచ్చాక కూడా నాడిని ప్రేరేపిస్తే అది ముడుచుకుంటూనే ఉంది. ఈ వ్యవస్థకు "ఆటోనమిక్" అని పేరు పెట్టినవాడు ఈ లాంగ్లీయే, 1898లో. అంటే వ్యవస్థకు పేరు పడక మూడేళ్ల ముందే దాని మినహాయింపు బయటపడింది.

తర్వాత జరిగింది ముచ్చటైన సంగతి. 1930లో డేల్, గాడమ్ ఈ మొండి స్పందనకు ఒక సమాధానం చెప్పారు. ఎసిటైల్ కోలిన్ తన రిసెప్టర్‌కు, అంటే కణం మీద దూత తగిలే చోటుకు, అంత దగ్గరగా, అంత ఇరుకులో విడుదలవుతుంది కాబట్టి బయటినుంచి వచ్చే అట్రోపిన్ అక్కడికి చొరబడలేదన్నారు. తెలివైన మాటే. చిక్కేమిటంటే ఇలాంటి సమాధానంతో ఏ మినహాయింపునైనా సర్దేయవచ్చు. మందు పనిచేస్తే సిద్ధాంతం నిజం, పనిచేయకపోతే మందు చేరలేదు. మరుసటి ఏడాదే, 1931లో, అదే గాడమ్ వాన్ ఆయ్‌లర్‌తో కలిసి గుర్రం మెదడు, పేగుల సారంలో ఒక కొత్త పదార్థాన్ని పట్టుకున్నాడు. అది రక్తపోటును దించింది, పేగును ముడిచింది, అట్రోపిన్‌కు లొంగలేదు. దాని పేరే సబ్‌స్టెన్స్ పి. అందులో ఉన్నవి 11 అమైనో ఆమ్లాలని తేలడానికి ఇంకో నలభై ఏళ్లు పట్టింది.

1960ల మొదట్లో మెల్‌బోర్న్‌లో బర్న్‌స్టాక్ బృందం గినీపిగ్ పెద్దపేగు మీది సన్నని కండరపట్టీ, టీనియా కోలై, మీద పనిచేస్తోంది. ఎసిటైల్ కోలిన్ దారి అట్రోపిన్‌తో మూశారు, నార్‌అడ్రినలిన్ దారిని దాని విడుదలను ఆపే మందుతో మూశారు. ఇక నాడుల పని అయిపోయినట్టే. అప్పుడు విద్యుత్ ప్రేరణ ఇస్తే కండరకణం పొర వోల్టేజి పెరగాల్సింది పోయి ఇంకా కిందికి దిగింది, కండరం వదులైంది. నాడుల నోరు కట్టేసే టెట్రోడోటాక్సిన్ వేస్తే ఆ దిగుదల మాయమైంది. కాబట్టి అది నాడి పనే. ఆ దూత ఏటీపీ అని బర్న్‌స్టాక్ 1970లో అన్నాడు, 1972లో "ప్యూరినర్జిక్" అన్నాడు. ఒంట్లో ప్రతి కణం శక్తి కోసం వాడుకునే అణువు నాడీ దూత ఎలా అవుతుందని చాలామంది నవ్వారు. "ప్యూర్-ఇమాజినర్జిక్" అని వెక్కిరించారు కూడా. ఏటీపీ రిసెప్టర్ల జన్యువులు 1993, 1994ల్లో చేతికొచ్చాక ఆ నవ్వులు ఆగాయి.

ఇంతకీ ఈ దూతలన్నిటికీ కలిపి పెట్టిన పేరు చూడండి: నాన్‌అడ్రినర్జిక్, నాన్‌కోలినర్జిక్. అదీ కాదు, ఇదీ కాదు. ఊళ్లో ఇద్దరి పేర్లు చెప్పి మిగతా అందరినీ "వాళ్లిద్దరూ కానివాళ్లు" అన్నట్టుంది.

తొట్టెలో చూస్తే

ఈ "మిగిలినది" ఊహ కాదని నమ్మాలంటే ఒంట్లోంచి తీసిన కండరాన్ని బతికించి ఉంచే ఆర్గన్ బాత్‌లో ఎలా కనిపిస్తుందో ఒకసారి దగ్గరగా చూడాలి. పది మిల్లీలీటర్ల గాజు తొట్టె, 37 డిగ్రీలు, క్రెబ్స్ అనే లవణాల ద్రావణం, అందులోకి 95 శాతం ఆక్సిజన్, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ బుడగలు. క్రెబ్స్ కలిపేటప్పుడే మొదటి తప్పు దొర్లుతుంది. బైకార్బనేట్ ఉన్న ద్రావణంలో గ్యాస్ పెట్టకముందే కాల్షియం క్లోరైడ్ పోస్తే తెల్లగా విరుగుతుంది. ముందు గ్యాస్ పట్టించి ఆమ్లత సరిచేసి, ఆఖర్న కాల్షియం పోయాలి. విరిగిన ద్రావణంతో పని సాగిస్తే నాడి కొసల నుంచి దూతలు సరిగా విడుదల కావు, ఎందుకంటే ఆ విడుదలకు మీట కాల్షియమే.

కండరపట్టీని ఒక గ్రాము బిగువుతో కట్టి గంటసేపు కుదురుకోనివ్వాలి. తర్వాత అట్రోపిన్ ఒక మైక్రోమోలార్, నార్‌అడ్రినలిన్ విడుదలను ఆపే గ్వానెథిడిన్ మూడు నుంచి పది. గ్వానెథిడిన్ వెంటనే పనిచేయదు. నాడి కొసలోకి దూరాలి కాబట్టి అరగంట నుంచి ముప్పావుగంట ఆగాలి. ఎలుక తోక మొదట్లో ఉండే అనోకాక్సీజియస్ కండరంలో అయితే గ్వానెథిడిన్ వేయగానే కండరం బిగుస్తుంది. లోపలికి వెళ్తూ, అక్కడున్న నార్‌అడ్రినలిన్‌ను బయటికి నెట్టడం అందుకు ఒక కారణం. ఆ బిగుతు మనకు కావలసిందే, ఎందుకంటే వదులు కావడాన్ని చూడాలంటే ముందు కండరం బిగిసి ఉండాలి. అసలే వదులుగా ఉన్న పట్టీకి ప్రేరణ ఇచ్చి "ఏమీ కాలేదు" అని రాసుకోవడం ఈ ప్రయోగాల్లో అతి మామూలు పొరపాటు.

ఇంకోటి పల్స్ వెడల్పు. నాడికి 0.1 నుంచి 0.5 మిల్లీసెకన్లు చాలు. రెండు మిల్లీసెకన్లు దాటితే కరెంటు నేరుగా కండరాన్నే తడుతుంది, అప్పుడు కనిపించే "మొండి స్పందన" నాడిది కాదు. అందుకే చివర్లో టెట్రోడోటాక్సిన్ వేసి స్పందన పోయిందో లేదో చూడకుండా ఏ మాటా అనకూడదు.

ఇప్పుడు మిగిలినదాన్ని విడదీయాలి. ఎల్-నేమ్ వంద మైక్రోమోలార్ వేస్తే నైట్రిక్ ఆక్సైడ్ తయారీ ఆగుతుంది. ఆగింది దానివల్లేనా అని తేల్చడానికి ఎల్-ఆర్జినిన్ ఎక్కువ మోతాదులో వేయాలి, స్పందన తిరిగి రావాలి. అద్దంలో బొమ్మ లాంటి డి-ఆర్జినిన్‌తో తిరిగి రాకూడదు. పేగులో ఎల్-నేమ్ తర్వాత కూడా ఒక చురుకైన కుదుపు మిగులుతుంది. అది ప్యూరిన్‌ది, అంటే ఏటీపీ జాతి దూతది; పొటాషియం ద్వారాలను మూసే అపామిన్‌తో పోతుంది. ఒకే ప్రేరణకు రెండు దిగుదలలన్నమాట: ముందు వేగంగా వచ్చి వెళ్లే ప్యూరిన్‌ది, వెనక నిదానంగా సాగే నైట్రిక్ ఆక్సైడ్‌ది. ఒక పల్స్ ఇస్తే మొదటిదే ప్రధానం. వరసగా ఇస్తూ పోతే రెండోది రాజ్యమేలుతుంది.

గడియారం అన్నది ఇందుకే.

ఒకే కొస, మూడు వేగాలు

సింపథెటిక్ నాడి కొసను నార్‌అడ్రినలిన్ గొట్టంగా చూడటం మానేసి, మూడు రకాల సరుకున్న కొట్టుగా చూస్తే విషయం తేలికవుతుంది. చిన్న సంచుల్లో నార్‌అడ్రినలిన్, ఏటీపీ కలిసి ఉంటాయి. పెద్ద సంచుల్లో న్యూరోపెప్టైడ్ వై కూడా ఉంటుంది. 1982లో టాటెమోటో పంది మెదడు నుంచి వేరుచేసిన ఈ పెప్టైడ్‌లో, అంటే అమైనో ఆమ్లాల గొలుసులో, 36 అమైనో ఆమ్లాలు.

ఏటీపీ తగిలే పీ2ఎక్స్ రిసెప్టర్ తానే ఒక అయాన్ ద్వారం. తగలగానే తెరుచుకుంటుంది, మిల్లీసెకన్లలో పని. నార్‌అడ్రినలిన్ రిసెప్టర్ జీ-ప్రొటీన్ ద్వారా కబురు పంపుతుంది, దానికి సెకన్లు. న్యూరోపెప్టైడ్ వై ప్రభావం నిమిషాలు. గినీపిగ్ శుక్రవాహికలో దీన్ని కంటితో చూడొచ్చు. నాడిని ప్రేరేపిస్తే ముందు ఒక టక్కుమనే ముడుపు, వెనక ఒక నిదానపు ముడుపు. నార్‌అడ్రినలిన్ రిసెప్టర్‌ను మూసే ప్రాజోసిన్ వేస్తే వెనకది పోతుంది. ఆల్ఫా,బీటా-మిథిలీన్ ఏటీపీ వేస్తే ముందుది పోతుంది, కానీ ఈ మందు మొదట తానే కండరాన్ని ముడిచి, ఆ తర్వాతే రిసెప్టర్‌ను మొద్దుబారుస్తుంది. ఆ ముడుపు దిగేదాకా ఆగకుండా ప్రేరణ ఇస్తే లెక్క తప్పుతుంది. పీ2ఎక్స్1 రిసెప్టర్ లేకుండా పుట్టించిన మగ ఎలుకల్లో సంతానశక్తి సుమారు 90 శాతం పడిపోయింది. శుక్రకణాలు బాగానే ఉన్నాయి, వాటిని ముందుకు తోసే ముడుపే లేదు. "కూడా" అనిపించుకునే దూత వల్ల ఇంత తేడా!

పెప్టైడ్‌లు వేరే లెక్కలో నడుస్తాయని చెప్పడానికి వాటి సరఫరా చూస్తే చాలు. నార్‌అడ్రినలిన్ కొసలోనే తయారవుతుంది, వాడాక చాలా భాగం కొసే తిరిగి లోపలికి లాక్కుంటుంది. పెప్టైడ్ తయారయ్యేది కణదేహంలో. అక్కణ్ణుంచి తంతువు వెంట రోజుకు సుమారు 400 మిల్లీమీటర్ల వేగంతో ప్రయాణించాలి. నడుము దగ్గరి గాంగ్లియన్ (నాడీకణాల ముడి) నుంచి పాదంలోని రక్తనాళానికి మీటరు దూరం వేసుకుంటే రెండున్నర రోజులు. విడుదలయ్యాక తిరిగి లాక్కోవడమూ లేదు, ఎంజైములు ముక్కలు చేసేస్తాయి. అందుకే గట్టిగా, చాలాసేపు ప్రేరేపిస్తే పెప్టైడ్ నిల్వ అడుగంటుతుంది, మళ్లీ నిండడానికి రోజులు పడుతుంది. సరుకు ఇంత ఖరీదైనప్పుడు నాడి దాన్ని చీటికీ మాటికీ ఖర్చుపెట్టదు. పెద్ద సంచులు విడుదల స్థానాలకు కాస్త దూరంగా ఉంటాయి, కొసంతా కాల్షియం పెరిగితేగానీ తెరుచుకోవు. అంటే నాడి వేగంగా, గుత్తులు గుత్తులుగా కొట్టుకోవాలి.

ఇక్కడే హైడెన్‌హైన్ చిక్కు విడిపోతుంది. పిల్లి దవడ కింది గ్రంథికి వెళ్లే పారాసింపథెటిక్ కొసల్లో ఎసిటైల్ కోలిన్‌తో పాటు వీఐపీ ఉంది. 1970లో సయిద్, ముట్ పంది ఆంత్రమూలం నుంచి పట్టుకున్న 28 అమైనో ఆమ్లాల పెప్టైడ్ ఇది. నాడిని సెకనుకు రెండు చొప్పున ఆగకుండా ప్రేరేపిస్తే పది సెకన్లలో ఇరవై పల్స్‌లు. అవే ఇరవై పల్స్‌లను ఒక్క సెకనులో కొట్టి మిగతా తొమ్మిది సెకన్లు ఊరుకున్నా పది సెకన్లలో ఇరవయ్యే. లెక్క ఒకటే, ఫలితం ఒకటి కాదు. రెండో పద్ధతిలో వీఐపీ ఎక్కువ వస్తుంది, రక్తనాళాలు ఎక్కువ తెరుచుకుంటాయి. రెండు వరసల పట్టికలో ఈ తేడా రాసుకోవడానికి గడే లేదు.

"ఒక నాడికి ఒకే దూత" అనే సూత్రం డేల్ మీద వేసి చెబుతారు గానీ, ఆయన అన్నది అది కాదు. ఒక నాడీకణం ఒక కొస దగ్గర ఏ రసాయనం వదులుతుందో మిగతా కొసల దగ్గరా అదే వదలాలి అన్నాడు. ఒక్కటే వదలాలి అనలేదు. దానికి సూత్రమని పేరు పెట్టింది ఎకిల్స్. వాడకంలో అరిగి అరిగి "ఒక్కటే" వచ్చి చేరింది.

దూరం సంగతి కూడా చెప్పుకోవాలి. ఎద్దుకప్ప తొమ్మిది, పది సింపథెటిక్ గాంగ్లియన్లలో బీ, సీ అని రెండు రకాల కణాలుంటాయి. పునరుత్పత్తి హార్మోన్ల విడుదలను నడిపించే ఎల్‌హెచ్‌ఆర్‌హెచ్ లాంటి ఒక పెప్టైడ్‌ను మోసుకొచ్చే తంతువులు సీ కణాల మీదే ఆగుతాయి, బీ కణాలను తాకవు. అయినా 1979 నుంచి జాన్ దంపతులు, కఫ్లర్ చేసిన ప్రయోగాల్లో ఆ తంతువులను ప్రేరేపిస్తే బీ కణాలూ స్పందించాయి, నిమిషాల తరబడి. పెప్టైడ్ పదుల మైక్రోమీటర్లు పాకుతూ పోయి తగిలింది. అక్కడే ఎసిటైల్ కోలిన్ ఇచ్చే వేగవంతమైన స్పందన మిల్లీసెకన్లలో ముగుస్తుంది. ఒకటి చెవిలో చెప్పిన మాట, ఇంకోటి దండోరా.

నిల్వ లేని దూత

నైట్రిక్ ఆక్సైడ్ దగ్గరకొచ్చేసరికి పాత నిర్వచనమే కుప్పకూలింది. దూత అంటే సంచిలో ఉండాలి, కొసనుంచి విడుదల కావాలి, ఎదుటి పొర మీది రిసెప్టర్‌కు తగలాలి. ఇది వాయువు. సంచి లేదు. ప్రేరణ రాగానే ఎల్-ఆర్జినిన్ నుంచి అప్పటికప్పుడు తయారవుతుంది, పొరల్లోంచి జారిపోతుంది, కండరకణం లోపల సైక్లిక్ జీఎంపీ అనే కబురు అణువును తయారుచేసే గ్వానిలేట్ సైక్లేజ్ ఎంజైమును తడుతుంది. కొద్ది సెకన్లలో అంతం. అయినా దీన్ని కాదనడానికి వీల్లేదు. నాడుల్లో దీన్ని చేసే ఎంజైము జన్యువు తీసేసిన ఎలుకల్లో, 1993లో, జఠరం ఉబ్బిపోయి, దాని కింది ద్వారం కండరం మందంగా కనిపించింది. మనుషుల్లో అన్నవాహిక కింది కవాటం వదులు కాక మింగింది కిందికి దిగని అకలేజియా జబ్బులో, పోయేది ప్రధానంగా ఈ రకం నాడీకణాలే. మిగిలిన ఎసిటైల్ కోలిన్ కణాలు బిగించడం మానవు, వదిలించేవాళ్లు లేరు. ఎసిటైల్ కోలిన్, నార్‌అడ్రినలిన్ల పట్టికతో ఈ జబ్బు అర్థం కాదు.

నాకు ఎదురు చెప్పేవాళ్ల మాటలో నిజం

గట్టి అభ్యంతరం ఇది: ఈ దూతలు అంత ముఖ్యమైతే అట్రోపిన్, నార్‌అడ్రినలిన్‌కు అడ్డుపడే బీటా బ్లాకర్లు ఇన్నేళ్లుగా ఎలా పనిచేస్తున్నాయి? నిజమే, కంటిపాప, తీరికగా ఉన్నప్పటి గుండెవేగం: ఈ రెండింటికీ పాత పట్టిక బాగానే సరిపోతుంది. నేను దాన్ని చింపేయమనడం లేదు.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. సూక్ష్మదర్శినిలో రంగు పట్టిందని పెప్టైడ్ పని చేస్తోందనలేం. ఉండటం వేరు, పనిచేయడం వేరు. నాడి కొసల్లో దొరికిన పెప్టైడ్‌లన్నిటికీ ఉద్యోగం చూపించాలని తొందరపడినవాళ్లు చాలాసార్లు భంగపడ్డారు. జంతువు మారితే జవాబూ మారుతుంది. లాంగ్లీ చూసిన మూత్రాశయమే తీసుకోండి. ఎలుక, గినీపిగ్‌లలో అట్రోపిన్ తర్వాత కూడా ముడుపులో పెద్ద భాగం మిగులుతుంది, అది ఏటీపీది. ఆరోగ్యంగా ఉన్న మనిషి మూత్రాశయంలో దాదాపు ఏమీ మిగలదు. అయితే మూత్రమార్గానికి అడ్డు పడినప్పుడు, కొన్ని మూత్రాశయ జబ్బుల్లో, మనిషిలోనూ ఆ భాగం తలెత్తుతుంది. అట్రోపిన్ లాంటి యాంటీమస్కరినిక్ మందు కొందరికి ఎందుకు సగం సగంగా పనిచేస్తుందో ఆలోచించేవాళ్లు దీన్ని మరిచిపోకూడదు.

గుండె విషయంలో నా వాదన ఇంకాస్త ధైర్యంగా చెబుతాను. సింపథెటిక్ నాడులు గట్టిగా కొట్టుకున్నప్పుడు వెలువడే న్యూరోపెప్టైడ్ వై పక్కనున్న వేగస్ (గుండెను నెమ్మదింపజేసే పారాసింపథెటిక్ నాడి) కొసల మీద వై2 అనే తన రిసెప్టర్‌కు తగిలి అక్కడ ఎసిటైల్ కోలిన్ విడుదలను తగ్గిస్తుంది. సింపథెటిక్ హడావుడి ముగిశాక కూడా చాలా నిమిషాలపాటు వేగస్ చెయ్యి బలహీనంగానే ఉంటుంది. బీటా బ్లాకర్ ఈ దారిని ఆపదు, దాని రిసెప్టర్ వేరు. పట్టికలో మాత్రం రెండు వరసలూ తక్కెడ పళ్లేల్లా ఉంటాయి, ఒకదాని కొస రెండోదాని కొస నోరు నొక్కడం అనే మాటే లేదు.

మందుల చీటీలోకి కూడా ఇవి ఎప్పుడో వచ్చేశాయి, పాఠమే వెనకబడింది. సిల్డెనఫిల్ నైట్రిక్ ఆక్సైడ్ లేవదీసిన సైక్లిక్ జీఎంపీని విరగకుండా కాపాడుతుంది. అదే కారణంగా నైట్రేట్ మాత్రలతో కలిస్తే రక్తపోటు ప్రమాదకరంగా పడిపోతుంది. మైగ్రేన్ తలనొప్పి రాకుండా ఇచ్చే, 2018లో వచ్చిన ఎరెన్యుమాబ్ సీజీఆర్‌పీ అనే 37 అమైనో ఆమ్లాల పెప్టైడ్‌కు రిసెప్టర్ దగ్గర అడ్డుపడుతుంది. తలకు వాడిన మందు పేగుకు మలబద్ధకం తెచ్చిందంటే ఆశ్చర్యపోనక్కర్లేదు, పేగు నాడుల్లో సీజీఆర్‌పీ దండిగా ఉంది. మధుమేహానికి ఇచ్చే గ్లిప్టిన్‌లు ఆపే డీపీపీ-4 ఎంజైము న్యూరోపెప్టైడ్ వై తోకను కాదు, తలను కత్తిరిస్తుంది. తల పోయిన ముక్క వై1 అనే రిసెప్టర్‌ను వదిలి వై2కు అతుక్కుంటుంది. ఒక ఎంజైము ఒక దూతకు ఉద్యోగం మార్చేస్తోందన్నమాట.

అందుకే పట్టికకు నేను అడిగేది కొత్త వరసలు కాదు, ప్రతి గడిలో మూడు ముక్కలు: ముందు ఎవరు, తర్వాత ఎవరు, ఎవరు ఎంతసేపు. శుక్రవాహికకు: ఏటీపీ టక్కున, నార్‌అడ్రినలిన్ సెకన్లు. లాలాజల గ్రంథికి: ఎసిటైల్ కోలిన్ ఎప్పుడూ, వీఐపీ గుత్తులుగా కొట్టినప్పుడు. పురుషాంగపు స్పంజి కణజాలానికి: ఊరికే ఉన్నప్పుడు నార్‌అడ్రినలిన్ బిగింపు, ప్రేరణ రాగానే నాడుల నైట్రిక్ ఆక్సైడ్, దాన్ని నిలబెట్టేది రక్తనాళపు పొర చేసే నైట్రిక్ ఆక్సైడ్. ఆ నాడుల్లో వీఐపీ కూడా ఉంది, కానీ దాన్నొక్కదాన్నే సూదిమందుగా ఇస్తే సరైన ఫలితం రాదు. దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టి వదిలేయడమే మర్యాద.